గద్ద నోట నాన్న పిలుపు

జనవరి 18, శనివారం

డిపోలో షిఫ్టు అయ్యాక లాగు పుస్తకం రాయాలి. మంచు తోసే బండి ఎన్నింటికి బయల్దేరింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అంతే. ఎనిమిదేళ్లుగా రాస్తున్నాను కాబట్టి చేతికి అలవాటైపోయింది. ఇది మాత్రం సొంతానికి రాసుకుంటున్నాను. పేరు పైడిరాజు, వయసు నలభై మూడు, ఏడో నంబరు బండి డ్రైవరుని. ఎండ తగ్గిస్తామని ఆకాశంలో గొడుగు పరిచిన మహానుభావులు లెక్క కాస్త ఎక్కువ వేశారు. వాళ్ల పుణ్యమా అని లంబసింగి ఘాట్లో నాకు ఏటా నాలుగు నెలలు పని.

పోయిన వారం జలాశయం గట్టు దగ్గర ఒక చెక్కబండి కాలవలో కూరుకుపోతే గొలుసు వేసి లాగాను. దాని మనుషులు అయిదారుగురు. వెదురు బద్దలు కాళ్లకు కట్టుకుని, వెదురు కర్రలు చేత్తో ఊనుకుంటూ మంచు మీద జారేవాళ్లు. అందరిలోకీ పెద్దావిడ, అరవైకి దగ్గర్లో ఉంటుంది, నన్ను కిందికీ పైకీ చూసింది. నా కంఠం చుట్టూ ఉన్న మఫ్లరు దగ్గర చూపు ఆగింది.

“శనివారం రా బాబూ. బద్దలు నానిస్తాను,” అంది మెల్లగా.

నేనేమిటో ఆమె గుర్తుపట్టేసింది. ఆమె ఏమిటో నేనూ గుర్తుపట్టాను. పేరు మాణిక్యం. ఒకప్పుడు రాయగడ రైల్లో చప్పట్లు కొట్టి అడుక్కునేదట, ఇప్పుడు వెదురు బద్దలు చేసి అమ్ముతుంది. ఆమె దగ్గర జారడానికి వచ్చేవాళ్లంతా మాలాంటి వాళ్లే, పుట్టినప్పుడు రాసిన ఆడా మగా తప్పని తేల్చుకున్నవాళ్లు.

ఇవాళ వెళ్లాను. పదకొండుసార్లు పడ్డాను. లెక్కపెట్టింది కస్తూరి. ఇరవై నాలుగేళ్ల పిల్ల, అనకాపల్లి దగ్గర బెల్లం వండే వాళ్లింటి నుంచి ఆరేళ్ల కిందట వచ్చేసింది. పడిన ప్రతిసారీ “పన్నెండో నంబరు కోసం సూస్తన్నాం అన్నా” అని ఎగతాళి. పన్నెండోసారి పడకుండా ఉండటానికే నిలబడ్డాను.

నన్ను ‘అన్నా’ అని ఎవరో పిలవడం కొత్తేమీ కాదు. డిపోలో అందరూ అంటారు. కానీ వాళ్లకి తెలియదు. ఈ పిల్లకి తెలిసి కూడా అంది. ఇంటికొచ్చి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

జనవరి 25, శనివారం

ఇవాళ మాణిక్యంతో గొడవపడ్డాను.

వాళ్లకొక పద్ధతి ఉంది. మంచులోకి దిగే ముందు అందరూ చేతి పట్టీలు తీసి ఒక పాత కేరేజీ గిన్నెలో వేస్తారు. మాణిక్యం మూత బిగించి పాకలో పొయ్యి పక్కన పెడుతుంది. పట్టీ లేకుండా కొండ మీద అడుగు పెట్టకూడదని చట్టం. పట్టీ ఉంటే మనిషి ఎక్కడున్నాడో కొండ కాపలా కేంద్రానికి తెలుస్తుంది. అది లేనివాణ్ణి మంచు కప్పితే వేసవిలో దొరుకుతాడు. అలా దొరికినవాళ్లని ముగ్గురిని నా బండితోనే తీశాను.

“మీకు బుర్ర ఉందా?” అన్నాను.

“ఉన్నాది. గంట కొట్టినప్పుడల్లా అది కదిలిపోతన్నాదనే తీసీసినాం,” అంది మాణిక్యం.

నిజమే. గంటకోసారి పట్టీ మనల్ని పిలుస్తుంది. ఫలానా గారూ, మీ ఒంటి వేడి ఇంత, క్షేమమా, అని గట్టిగా అడుగుతుంది. ఆ ఫలానా ఎవరంటే సర్కారు నమోదులో ఉన్న పాత పేరు. నమోదులో పేరు మారాలంటే రక్త సంబంధీకులు ఇద్దరు సంతకం పెట్టాలి. మాలో ఎవరికి పెడతారు? ఎనిమిదేళ్లుగా గంట కొట్టే నిమిషానికి నేను డిపోలో ఇంజిను రేజ్ చేస్తూ నిలబడుతున్నాను. డీజిలు ఎక్కువ తాగుతోందని మేనేజరు చేత తిట్లు కూడా తిన్నాను. పట్టీలో పలికే ఆ పేరు ఆ డిపోలో ఎవరూ వినలేదు, వినకూడదు.

పట్టీ తీసి గిన్నెలో వేశాను. నాలుగు గంటలసేపు నన్ను నా పేరుతో తప్ప ఎవరూ పిలవలేదు.

జారడంలో ఇంకో సుఖం ఉంది. మంచుకోటు, టోపీ, ముఖానికి గుడ్డ, కళ్లద్దాలు వేసుకున్నాక మనిషి మూటలా ఉంటాడు. మూటని చూసి ఆడా మగా అని ఎవరూ ఆరా తీయరు. వాలు మీద అయిదారు మూటలం వరసగా దిగుతుంటే నాకు నవ్వాగలేదు. నవ్వి పడ్డాను. కస్తూరి లెక్క రాసుకుంది.

ఫిబ్రవరి 1, శనివారం

మధ్యాహ్నం ఒక గద్ద మా మీదుగా పోయింది. తప్పిపోయినవాళ్ల కోసం కాపలా కేంద్రం ఎగరేసే యంత్రాలని అందరం గద్దలనే అంటాం. చలిలో మతి తప్పుతున్న మనిషి సైరన్ మోతకి పలకడు, సొంతవాళ్ల గొంతుకి పలుకుతాడని ఎవరో కనిపెట్టారట. అందుకని మొదటిసారి పట్టీ ఇచ్చినప్పుడే, పిల్లలకైతే బళ్లోనే, ఇంట్లో ఒకరి గొంతు రికార్డు చేయించి నమోదులో పెడతారు. మనం తప్పిపోతే గద్ద ఆ గొంతుతో మన పేరు పిలుస్తూ తిరుగుతుంది. ఇవాళ్టిది ఎవరో తల్లి గొంతు. “చిట్టీ, అమ్మ దగ్గరికి రామ్మా” అంటూ కొండ చుట్టూ తిరిగింది. అరగంటలో దొరికాడని రేడియోలో చెప్పారు. యాత్రకొచ్చిన యాభై ఏళ్ల మనిషట ఆ చిట్టి.

అందరం నవ్వాం. కస్తూరి నవ్వలేదు. గద్ద కనుమరుగయ్యేదాకా తలెత్తి చూస్తూనే ఉంది.

“నీకు ఎవరి గొంతు పెట్టారు?” అని అడిగాను.

“మా అయ్యది. నాను మూడో తరగతిలో ఉన్నప్పుడు.”

“ఇప్పుడు మాట్లాడతాడా?”

“సచ్చిపోనాదని ఊర్లో సెప్పుకున్నాడట, నా గురించి,” అని బద్దలకు మైనం రుద్దుకోవడంలో పడింది. నేను ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది.

ఫిబ్రవరి 8, శనివారం

ఇవాళ్టిది డిపో లాగు పుస్తకం రాసినట్టే రాస్తాను. అలా అయితేనే రాయగలను.

2.10. ఉత్తరం వాలు మీద ఉన్నాం. అయిదుగురం. పడమటి నుంచి తెల్లటి గాలి లేచింది. చాచిన చెయ్యి కనబడలేదు. మాణిక్యం అందరినీ పేర్లు పెట్టి పిలిచి తాడు పట్టించింది. లెక్కకి ఆమెతో కలిపి నలుగురమే తేలాం.

2.40. పాకకి చేరాం. కస్తూరి రాలేదు. ఆమె పట్టీ గిన్నెలో ఉంది.

“తాడు కట్టుకుని మనమే ఎల్దాం. అది తెలివైనది, గట్టు పట్టుకుని వొచ్చెత్తాది,” అంది మాణిక్యం.

“ఆ గాలిలో తాడు పట్టుకుని ఎంత దూరం ఎల్తాం? కేంద్రానికి సెప్పాలి.”

“సెప్పకు. నా మాటిను. ఆ గద్ద దాన్ని ఏ పేరుతో పిలుస్తాదో నీకు తెల్దా?”

“పేరు గురించి తరవాత ఏడుద్దాం. ముందు బతకనీ!”

అరిచాను ఆమె మీద. పెద్దదని కూడా చూడలేదు. మంచు కింద నుంచి తీసిన ముగ్గురూ కళ్లలో ఆడుతున్నారు.

3.05. గిన్నెలోంచి నా పట్టీ తీసి దాంట్లోంచే కాపలా కేంద్రాన్ని పిలిచాను. రేడియో దగ్గర శోభనాద్రి ఉన్నాడు. రోజూ నా బండికి దారి చెప్పే మనిషి, ఎనిమిదేళ్ల స్నేహం. కస్తూరి పట్టీ నంబరు చెప్పాను. మూడు నిమిషాల్లో గద్ద లేచింది.

3.20. గాలి కొంచెం తగ్గింది. వెతుకుతూ దిగాం. పైనుంచి గొంతు వినబడింది. ఏ పేరు పిలిచిందో ఇక్కడ రాయను. మిగతాది రాస్తాను.

“ఎక్కడున్నావురా బాబూ? కూడు సల్లారిపోతన్నాది. రారా. నానేటీ అననులే.”

బెల్లం పొయ్యి దగ్గర పొగ పీల్చిన గొంతు. ఎంత ప్రేమగా ఉందంటే నాకే ఒళ్లు జలదరించింది.

3.45. జాడ దొరికింది. వెదురు బద్దల గాట్లు, రెండు గీతలు. వాలు దిగి, గట్టు దాటి, గడ్డకట్టిన నీళ్ల మీదికి వెళ్లాయి. మేం ఎప్పుడూ వెళ్లని వైపు, తూము వైపు. తూము దగ్గర అడుగున నీరు పారుతూ ఉంటుంది. అక్కడ గడ్డ అప్పడం మందం కూడా ఉండదు. నా బండి ఆ ఛాయలకు పోకుండా ఎర్రజెండాలు పాతింది నేనే.

గద్ద తూర్పుకి తిరిగిన చోటల్లా గీతలు కూడా మెలిక తిరిగాయి. మాణిక్యం మంచులో చతికిలబడింది.

“ఆ గొంతుకి జడిసి పారిపోతన్నాది. ఇంటికి లాక్కుపోడానికి వొచ్చినారనుకుంటన్నాది. సెప్పినాను కదా నీకు. సెప్పినాను కదా!”

నా చేత్తో నేనే ఆ పిల్లని నీళ్లలోకి తోలుతున్నానని అప్పుడు అర్థమైంది.

3.50. “శోభనాద్రీ, గద్దని ఆపు.”

“ఆపడం నా చేతుల్లో లేదు అన్నా. మనిషి దొరకాలి, లేకపోతే గొంతిచ్చిన బంధువే వద్దనాలి. ఎగిరాక రూలు అంతే.”

“గొంతు మార్చు అయితే. నా గొంతు పెట్టు.”

“పెట్టొచ్చు. నువ్వు పూచీ పడాలి. నమోదులో ఉన్న నీ పేరు, ఆ అమ్మాయికి ఏమవుతావో, రెండూ నీ నోటితో చెప్పాలి. లైను అందరికీ తెరిచే ఉంటుంది, అదీ రూలే.”

అందరికీ అంటే డిపో, ఘాట్ మీద ఉన్న పదకొండు బళ్లు, చింతపల్లి దాకా వినే ప్రతి రేడియో.

సిగ్గుపడుతూ రాస్తున్నాను. వెంటనే చెప్పలేదు. ఒక నిమిషం పోగొట్టాను. ఎనిమిదేళ్లు కట్టుకున్న ఇల్లు కళ్లముందు కూలుతుంటే ఒక ఇటుకైనా మిగుల్తుందా అని చూసుకున్నాను. అవతల గీతలు తూము వైపు పోతున్నాయని తెలిసి కూడా. మాణిక్యం నన్ను తొందరపెట్టలేదు. మొహం పక్కకి తిప్పుకుంది, వినకూడదన్నట్టు చెవులు మూసుకుంది.

చెప్పాను. గట్టిగా, ఒక్కో అక్షరం. “ఏమవుతావు?” అని యంత్రం అడిగింది. అన్నని, అన్నాను.

తరవాత శోభనాద్రి గొంతు సవరించుకుని ఏవో మూడు షరతులు గబగబా చదివాడు. మూడింటికీ సరే సరే అన్నాను.

3.58. గద్ద నా గొంతుతో అరవడం మొదలుపెట్టింది. “కస్తూరీ! పైడిరాజుని. కదలకు! ఉన్న చోటే కూకో. కర్రలు రెండూ కొట్టు. మేం వింటాం.”

4.00 నుంచి 4.20 దాకా ఏమీ వినబడలేదు. ఆ ఇరవై నిమిషాల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

4.21. టక్, టక్. వెదురు మీద వెదురు.

4.35. తూముకి ముప్ఫై అడుగుల్లో కూర్చుని ఉంది. గడ్డ కింద నీళ్లు నల్లగా కదులుతున్నాయి. అందరిలో తేలిక మాణిక్యం. నడుముకి తాడు కట్టుకుని బోర్లా పాకుతూ వెళ్లింది. నేను మడమలు తన్నిపెట్టి తాడు పట్టుకున్నాను, మిగతా ఇద్దరూ నన్ను పట్టుకున్నారు. వెనక్కి వస్తుంటే గడ్డ పగిలి మాణిక్యం చేతులు మోచేతుల దాకా నీళ్లలో మునిగాయి. పట్టుకున్న కస్తూరి కోటుని మాత్రం ఆమె వదల్లేదు. లాగాం. నా జీవితంలో ఏ బండినీ అంత బలంగా లాగలేదు.

5.10. పాక. ఇద్దరూ బతికే ఉన్నారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చింతపల్లి ఆసుపత్రి. కస్తూరి ఎడమకాలి వేళ్లు రెండు పోతాయట. తక్కినదంతా బాగానే ఉందన్నారు. మాణిక్యం చేతులకి కట్లు. కట్లతోనే నర్సుకి మంచం ఎలా పరచాలో నేర్పుతోంది.

పక్కన కూర్చుని చెప్పాను. “తప్పు నాదే. కేంద్రానికి సెప్పింది నేను. నువ్వు ఆ గొంతుకి భయపడి పారిపోతావని ఊహించలేదు.”

కస్తూరి నాకేసి వింతగా చూసింది.

“పారిపోలేదన్నా. దాని ఎనకాలే ఎల్లినాను.”

“ఎనకాలా?”

“అదేమో ముందుకు పోతాది, మళ్లీ తిరుగుతాది. సెయ్యి ఊపినాను, అరిసినాను. నా మొకం దానికి తెల్దు కదా, మూడో తరగతి గుంటడి కోసం సూస్తన్నాదది. అయినా ఎల్లినాను. నాను బడి ఎగ్గొట్టి సెరుకు తోటలో దాక్కుంటే మా అయ్య అచ్చం అలాగే పిలిసేవోడు. ఒట్టి యంత్రమని తెల్సు. తెల్సినా కాళ్లు ఆగనేదు.” దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది. “ఆరేళ్లయింది ఆ గొంతు ఇని. అంత సల్లగా ఇని అయితే పదేళ్ల పైనే.”

మేమంతా ఒకటనుకున్నాం, జరిగింది వేరు. ఇల్లు విడిచి వచ్చిన మాలాంటివాళ్లే చేసే పొరపాటు అది. ఇంటి నుంచి వచ్చిన పిలుపంటే వేటే అనుకుంటాం.

“అన్నా, అది పట్టీలో ఉంటాది కదా? ఇంకోసారి ఇనొచ్చా?”

కేంద్రానికి ఫోను చేశాను. శోభనాద్రి ఎత్తాడు, అడిగాను. “మూడో షరతు అదే. కొత్త గొంతు ఎక్కితే పాతది చెరిగిపోతుంది. నేను చదివాను, నువ్వు సరే అన్నావు,” అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆసుపత్రి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి అబద్ధం కూడా తయారుచేసుకున్నాను. లోపలికి వెళ్లాక ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

కస్తూరి ఏడవలేదు, అరవలేదు. “ఓహో,” అని గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం దాకా అలాగే ఉంది. నేను లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 12, బుధవారం

డిపో. పొద్దున్న నేను లోపలికి అడుగుపెట్టగానే టీ దగ్గర మాటలు ఆగిపోయాయి. నాలుగో బండి డ్రైవరు ఆ పేరు పెట్టి కూనిరాగం తీశాడు. ఇద్దరు నవ్వారు. రెంచీ పట్టుకుని వాడి ముందుకి వెళ్లి నిలబడ్డాను. “ఇంకోసారి పాడు, సరిగా ఇనబడలేదు,” అన్నాను. పాడలేదు. గంట కొట్టినప్పుడు ఇంజిను రేజ్ చేయలేదు. ఇంకెవరి కోసం?

మధ్యాహ్నం శోభనాద్రి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రి షిఫ్టు అయ్యాక యంత్రాల గదిలో కూర్చుని పాత నకలు ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికాడట. ఆమె చదివిన బడికి కూడా ఫోను చేశాడట. ఎక్కడా లేదు.

“చదివేటప్పుడు నేను నెమ్మదిగా చదవాల్సింది,” అన్నాడు.

“నెమ్మదిగా చదివినా సరే అనేవాణ్ణి,” అన్నాను. అది నిజం. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఫిబ్రవరి 15, శనివారం

వెళ్లకూడదనుకున్నాను. బద్దలు మాణిక్యానివి కాబట్టి తిరిగి ఇచ్చేసి, గుమ్మంలోంచే వచ్చేద్దామని బయల్దేరాను. ఆ పిల్ల దగ్గర మిగిలి ఉన్న ఒక్క మంచి ముక్కనీ చెరిపేసిన మనిషిని. ఏ మొహంతో లోపలికి వెళ్లి కూర్చుంటాను?

పాకలో కస్తూరి ఉంది, ఆసుపత్రి నుంచి నిన్ననే పంపించారట. కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని కొత్త బద్దకి మైనం రుద్దుతోంది. నన్ను చూసి రుద్దడం ఆపింది.

“మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను,” అంది. “నాలుగో రోజు కూడా. ఇవాళ కూడా కొంచెం ఉన్నాది.”

“ఉండాలి.”

“నువ్వు సెరిపినావనే కాదు. నువ్వు అలాగ సెయ్యకపోతే నాను సచ్చిపోయుందును. ఎవర్ని తిట్టాలో తెల్టం నేదు, అందుకు.”

బద్దలు గోడకి ఆనించి నిలబడ్డాను. వెళ్లిపోవాలో ఉండాలో తెలియలేదు. మాణిక్యం పొయ్యి ముందు కూర్చుని ఉంది, కట్లు విప్పేసింది, చర్మం ఎర్రగా లేచి ఉంది.

కస్తూరి తన పట్టీ తీసి నా ముందుకి చాపింది.

“ఇందులో ఉన్నది ఇన్నావా? బండి ఎనక్కి తియ్యమని అరిసినట్టున్నాది. పూచీ పడ్డోడు మార్చుకోవచ్చంట. మళ్లీ పిలువు.”

“ఏమని?”

“నాకేటి తెల్సు? కూడు మాట మాత్రం ఎత్తకు. అది మా అయ్యది. నీది నువ్వు సెప్పు.”

నాకు పిలవడం రాదు. నన్ను ఎవరూ అలా పిలవలేదు. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి డిపో గొంతే వచ్చింది, మాణిక్యం పకపకా నవ్వింది. మూడోసారి సగంలో ఆగిపోయాను. బయటికి పోయి మంచు మొహాన రాసుకుని వచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఏడోసారో ఎనిమిదోసారో ఇలా వచ్చింది:

“కస్తూరీ, అన్నని. నువ్వెంత దూరం ఎల్లిపోయినా పర్లేదు. కూకో. నేనే వస్తన్నాను.”

పట్టీ కీచుమని కొత్త పిలుపు తీసుకుంది. కస్తూరి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మళ్లీ విన్నది. మూడోసారి కళ్లు మూసుకుని విన్నది.

“మా అయ్య గొంతు కాదిది,” అంది.

“కాదు.”

“ఈసారి తప్పిపోతే దీనికే రావాల మరి.”

“రావాలి.”

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో దాచుకున్నదంతా ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. నాకూ ఆగలేదు. ఎవరి కోసం ఎవరం ఏడుస్తున్నామో తెలియకుండా చాలాసేపు ఏడ్చాం. మాణిక్యం పొయ్యి మీద కాఫీ పెట్టి, చల్లారకముందే తాగమని ఇద్దరినీ తిట్టింది.